ఏరువాక పున్నమికి రాతిగుండు ఎత్తవద్దు

పూణే,
గురువారం సాయంత్రం

అన్న వన్నూరప్పకు చెల్లెలు ఈశ్వరమ్మ దండాలు పెట్టి రాస్తున్న సంగతులు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నాయన మోకాళ్ళు ఎట్లున్నాయో, అమ్మ దగ్గు తగ్గిందో లేదో, వదిన కాన్పుకు పుట్టింటికి ఎప్పుడు పోతుందో అన్నీ జాబు రాయించు.

మస్తాన్ మామా, అన్నకు ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వే కాబట్టి ముందు నీకొక మాట. కుట్టుమిషను ఆపి, అంగడి తలుపు దగ్గరకు వేసి, అన్న ఒక్కడే ఉన్నప్పుడు చదువు. అమ్మ ముందు వద్దు.

అన్నా, ఇక్కడ వాన మొదలైంది. సన్నగా, ఆగకుండా పడుతుంది. ఆరవేసిన బట్టలు ఆరవు. మన చేలు గుర్తొచ్చి ఆ వాన వైపు చూడబుద్ధి కాదు. హాస్టల్లో పప్పులో కూడా బెల్లం వేస్తారు. అమ్మ కట్టిచ్చిన ఊరిబిండి పచ్చడి అయిపోయింది, ఎవరైనా ఇటు వస్తుంటే కొంచెం పంపించు. ఆదివారాలు గదిలో పలకరించే మనిషి ఉండరు. అందుకని ల్యాబులో ఎలుకలకు మేత వేసే వంతు నేనే అడిగి తీసుకుంటాను. ఆరోగ్యంగానే ఉన్నాను, బెంగ పెట్టుకోవద్దు.

మొన్న ఫోనులో నువ్వు చెప్పిన మాట నన్ను వదలడం లేదు.

“ఊరంతా నన్నే అడుగుతాండారు మ్మా. చిన్నాయన పోయినాక ఆ గుండును కదిలించినోడే లేడు. ఈ ఏరువాకకు ఎవరన్నా ఎత్తితేనే వాన వస్తాదంట.”

వద్దన్నాను. “ఎలుకల గుండెలు కోసేదానివి, మనుషుల సంగతి నీకేం తెలుసునే?” అని నవ్వావు. ఇంతలో లైను తెగిపోయింది. మళ్ళీ చేసినా నవ్వేస్తావని ఇట్లా రాస్తున్నాను.

అన్నా, నిరుడు మన బోరు మోటారు ఎట్లా కాలిపోయిందో గుర్తు తెచ్చుకో. భారం ఎక్కువైతే మోటారును ఆపేసే రిలే స్టార్టరులో మాటిమాటికీ పడిపోతోందని నువ్వు రాగితీగ కట్టి దాన్ని పనిచేయకుండా చేశావు. “ఇప్పుడు సూడుమా, ఎట్ల తిరుగుతాందో” అని అమ్మను పిలిచి చూపించావు. కొన్నాళ్ళు మన ఊళ్ళో అంత బాగా తిరిగిన మోటారు లేదు. తర్వాత ఒక పొద్దున షెడ్డులోంచి కాలిన వాసన వచ్చింది.

గుండె కణాల్లోనూ అటువంటి రిలే ఉంది. గుండె మీద భారం ఎక్కువైతే కణం పైపొర నుంచి లోపలికి ఒక కబురు పోతుంది, పెరుగు, ఇంకా పెరుగు అని. ఆ పెరుగుదలను అదుపులో ఉంచేవాటిలో చిన్న ఆర్ఎన్ఏలు కొన్ని ఉంటాయి. మేము చూసే ఎలుకల్లో భారం పెరిగేకొద్దీ అవి తగ్గిపోతాయి. ఆపేది లేక గుండె గోడ మందమవుతుంది. బలిసినట్టే కనిపిస్తుంది కానీ లోపల రక్తం నిండే చోటు తగ్గుతుంది, కండలో మచ్చలు కడతాయి. మా బోనుల్లో ఒక ఎలుక అన్నింటికంటే హుషారుగా తిరిగేది. ఒకరోజు పోయి చూస్తే రంపపు పొట్టులో నిద్రపోయినట్టే చచ్చిపోయి ఉంది.

ఎలుకల మాటే అయితే నీకు ఇంత రాసేదాన్ని కాదు. పోయిన నెల పోల్చి చూడడానికి జబ్బు లేని మనుషుల గుండెలు కావాలన్నారు. నేను పోయి బల్ల మీద పడుకున్నాను. స్కాను చేసే ఆమె మొదట తెగ మాట్లాడింది, నా జడ చూసి ఏ నూనె రాస్తావని కూడా అడిగింది. ఉన్నట్టుండి తెరను తనవైపు తిప్పుకుని డాక్టరును పిలిచింది. ఆయన నన్ను అడిగింది ఒక్కటే, మీ ఇంట్లో ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా అని.

నా గుండె గోడ ఒకవైపు ఉండాల్సిన దానికంటే మందంగా ఉంది. నేనేమీ రాళ్ళు ఎత్తలేదు అన్నా. ఇది పుట్టుకతో, ఇంటి వరుసలో వచ్చేదట. ఇందులో ఆ చిన్న ఆర్ఎన్ఏల చేయి ఎంతో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదు. వాటితో చేసిన మందూ లేదు. నాకు వేరే మాత్రలు ఇచ్చారు, పరుగులు పెట్టవద్దన్నారు. బాగానే ఉన్నాను, నిజంగానే బాగున్నాను. అమ్మకు మాత్రం చెప్పవద్దు.

ఆ డాక్టరు ప్రశ్న వినగానే నాకు చిన్నాయన కనిపించాడు. నువ్వూ నేనూ పక్కపక్కనే నిలబడి చూశాం. గుండును భుజం మీదికి ఎత్తి, వెనక్కు వేసి, నవ్వి, “నీళ్ళు తేండ్రా” అన్నాడు. చెంబు వచ్చేలోగా పడిపోయాడు. దిష్టి తగిలిందన్నారు. ఆ వారమే వాన పడింది. వాన కోసం ప్రాణమిచ్చినాడని ఊరు దండం పెట్టింది. ఆ వాన పడకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తోంది. అది పడబట్టే కదా ఈరోజు నీ దగ్గరికి వస్తున్నారు.

శెనక్కాయల మూటలు దించుతుంటే నీకు కళ్ళు తిరిగాయని వదిన చెప్పింది. “ఎండకు లే” అన్నావట. ఎండకే అయితే నాకంటే సంతోషించేవాళ్ళు ఉండరు. అనంతపురం పోయి పెద్దాసుపత్రిలో గుండెకు స్కాను తీయించుకో. అందాకా బరువు పనులు మానుకో. వదిన కడుపులో బిడ్డకు కూడా పుట్టాక చూపించాల్సి వస్తుంది, కానీ ఆ మాట తర్వాత.

నువ్వు మొండివాడివని నాకు తెలుసు. నేనూ నీ చెల్లెలినే. పున్నమికి ముందే గుంతకల్లులో రైలు దిగుతాను. ఆడమనిషి దాటిన గుండును ఆ ఏడాది మగవాళ్ళు ముట్టరు కదా. మాట వినకపోతే ఊరంతా చూస్తుండగా నేను దాన్ని దాటుతాను. తిట్టనీ. వాన రాకపోతే నా వల్లనే రాలేదననీ. నాయన తలెత్తుకోలేకపోతాడని కూడా తెలుసు. అయినా దాటుతాను.

నాయనకు, అమ్మకు, వదినకు, వీధిలో పెద్దలందరికీ నా దండాలు. ఎప్పుడూ నన్ను దీవించమని అడుగుతాను, ఈసారి నా మాట వినమని అడుగుతున్నాను.

నీ చెల్లెలు,
ఈశ్వరమ్మ

మస్తాన్ మామా, ఇదంతా విని అన్న నవ్వితే, మళ్ళీ మొదటి నుంచి చదువు.