కుడి భుజం మీద ఫిడేలు

జూన్ 4
ఫిడేలు వచ్చింది. పెట్టె తెరిచి చూపిస్తే మా ఆవిడ, బాగానే ఉంది, ఇది ఏం తింటుంది అని అడిగింది.

జూన్ 5, ఉదయం
గురువుగారు ఫోన్‌లో, వీడియో పాఠాల్లో ఉంటారు. తెల్లగడ్డం, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. నాకు నచ్చారు, ముఖ్యంగా నన్ను తిట్టలేరు కనుక. ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, ఎదురుగా నిలబడి, ఆయన ఎలా పట్టుకుంటే అలాగే పట్టుకుని గంటసేపు కమాను లాగాను. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మెషిన్ ఆపేసి పైకి వచ్చింది. చేతిలో చిన్న నూనె సీసా. తలుపు బందులకి వెయ్యండి బాబాయిగారూ, పాపం బాగా అరిగిపోయినట్టున్నాయి అంది. థాంక్స్ చెప్పి తీసుకున్నాను. నిజం చెప్పడానికి మొహం చెల్లలేదు.

జూన్ 9
మా ఆవిడ షరతు పెట్టింది. నెలాఖరుకి నేను ఒక పాట వాయించాలి. తను వంటింట్లోంచి విని, నేను చెప్పకుండానే అదేం పాటో పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే ఫిడేలు అటకెక్కుతుంది.

మా అటక మీదికి వెళ్లిన వస్తువు కిందికి దిగిన పాపాన పోలేదు. నేను మోజుపడి తెచ్చిన కెమెరా, తొక్కని సైకిలు, బొమ్మలు వేసుకునే స్టాండు అక్కడ ఉమ్మడి కాపురం చేస్తున్నాయి. వాటి కోసం నేను పెద్దగా ఏడవలేదు. ఇది వేరు. నేను పనిచేసిన అచ్చు ప్రెస్సు మూతపడ్డాక ఈ వేళ్లకి మళ్లీ పని దొరకడం ఇదే మొదలు. ఆవిడతో మాత్రం సరే అన్నాను.

జూన్ 12
గురువుగారి తీగ సన్నగా పలికితే నాది బొంగురుగా వస్తోంది. ఆయన బొంగురు చేస్తే నాది కీచుమంటోంది. ఫిడేలు మొండిది. ఆయన చూపించిన తీగ వదిలేసి అటు చివరిది పట్టుకుంటే సరిపోతోంది.

మొండివాళ్లతో వేగడం నాకు అలవాటే. మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన్ని కామా అనేవాళ్లం. రెండు మాటలు అని ఆగుతాడు, ఇంకో రెండు అని ఆగుతాడు. ఒకసారి కాగితాల గదిలో మంటలు లేచాయి. ముందు చూసింది ఆయనే. ఏమండీ, ఇటు చూడండి, ఆ మూల, అదేదో, అని మొదలుపెట్టి ఆయన నిప్పు అనే మాటకి చేరేసరికి మేం మంటలు ఆర్పేసి బకెట్లు బోర్లించేశాం.

ఏం చెబుతున్నాను? ఆఁ, తీగలు.

జూన్ 13
మెడ పట్టేసింది. వాయించలేదు. ఇల్లంతా హుషారుగా ఉంది.

జూన్ 17
పాట ఖాయం చేసుకున్నాను. పిల్లలు చిన్నప్పుడు మా ఆవిడ పాడిన జోలపాట. వాళ్ల కంటే ముందు నేనే నిద్రపోయేవాణ్ణి, అందుకని మొదలు బాగా తెలుసు, చివర తెలియదు. ఫోన్‌లో ఎక్కడా లేదు. చెవితో వెతుక్కోవాలి. ఆవిడ మార్కెట్‌కి వెళ్లినప్పుడే వెతుకుతున్నాను. ఇంట్లో ఉన్నప్పుడు ఉత్త స్వరాలు. ఇవాళ మొదటి ముక్క దొరికింది! వంటింటి గోడకి చెప్పాను.

జూన్ 22
ఈ ఊళ్లోనే ఉండే మా మరదలు వచ్చింది. బడిలో సంగీతం టీచరు. అక్క అటు బయటికి వెళ్లగానే, ఏదీ ఒకటి వినిపించండి బావగారూ అంది. ఠీవిగా ఎత్తాను. నేను కమాను ఆనించకముందే తను నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి నేల మీద కూలబడింది.

ఫిడేలు ఎడమ భుజం మీద ఉండాలట. కమాను కుడిచేతిలో. నావి రెండూ తారుమారు. గురువుగారికి ఎదురుగా నిలబడి అద్దంలో బొమ్మలా అనుకరించాను. గురువుకి సరే, అద్దానికి శిష్యరికం చేసినవాళ్లని మిమ్మల్నే చూశాను బావగారూ అంది.

తప్పు ఎక్కడ పుట్టిందో నాకు వెంటనే తెలిసింది. జీవితమంతా సీసం అక్షరాలు పేర్చాను. అవి ఎప్పుడూ తిరగబడే ఉంటాయి, కాగితం మీద పడ్డాకే సరవుతాయి. ఏది చూసినా ముందు తిప్పేసుకోవడం ఈ కళ్లకి రోగంలా పట్టుకుంది. ఇంకో మనిషైతే మొదటి రోజే కనిపెట్టేవాడు.

ఇప్పుడే చేతులు మార్చుకోండి, తర్వాత మారవు అని మరదలి తీర్పు.

జూన్ 24
మార్చుకున్నాను. వేళ్లు పక్కింటివాళ్లవి. పాట పోయింది, మొదటి ముక్కతో సహా. మా ఆవిడ నిచ్చెన వేసుకుని అటక దులుపుతోంది.

జూన్ 25
పక్కింటి వేళ్లే.

జూన్ 26
పొద్దున్న పళ్లు తోముకుంటుంటే తట్టింది. పుస్తకం చదివేవాడు నా అక్షరాల వరస ఎటు తిరిగి ఉందో ఎప్పుడైనా అడిగాడా? వాడికి కావలసింది అచ్చు. మా ఆవిడకి కావలసింది పాట. అదీ వంటింట్లోంచి. మళ్లీ కుడి భుజానికి ఎత్తాను. వేళ్లు ఇంటికొచ్చాయి.

మరదలు ఒప్పుకోలేదు. రేపు నలుగురితో కూర్చుని వాయిస్తే మీ కమాను పక్కవాడి కంట్లో గుచ్చుకుంటుంది అంది. నా పక్కన కూర్చునే ధైర్యం ఎవడికుందమ్మా అన్నాను. కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత కుర్చీ లాక్కుని, సరే కానివ్వండి, ఆ మూడో వేలు పైకెక్కింది, కాస్త దించండి అంది. దించాను. అయ్యబాబోయ్, అదీ పాట!

జూన్ 30, మధ్యాహ్నం
ఫిడేలు ఇంకా పెట్టెలో పెట్టలేదు, ముందు ఇది రాసుకోవాలి.

తలుపు ఓరగా వేసి మొదలుపెట్టాను. మొదటి ముక్క పలికింది. వంటింట్లో గిన్నెల చప్పుడు సాగుతూనే ఉంది. రెండో ముక్కలో వేలు జారింది, ఆగలేదు. కింద మెషిన్ ఆగింది. మూడోది ఎత్తుకున్నాను. గిన్నెల చప్పుడూ ఆగింది. ఇక నా దగ్గర ఉన్నది ఒక్క ముక్కే, అటక కళ్ల ముందు కనిపిస్తోంది.

అప్పుడు వంటింట్లోంచి పాట వచ్చింది. మాటలతో సహా. సన్నగా, కాస్త బొంగురుగా, ఇన్నేళ్ల తర్వాత. నేను ఆపేస్తే ఆవిడ ఆపేస్తుందని ఆపకుండా లాగాను. నాకు తెలిసిన ముక్క అయిపోయింది, ఆవిడకి అయిపోలేదు. ఆ చివర నేను ఎప్పుడూ మెలకువగా వినలేదు కదా. ఆవిడ ఎటు వెళితే అటు తడుముకుంటూ వెళ్లాను. ఇద్దరం ఒకేచోట దిగాం. దిగాం!

మరదలు చప్పట్లు కొట్టింది. మా ఆవిడ గరిటతోనే గుమ్మంలోకి వచ్చింది. మూడో ముక్కలో మరీ అంత తొందరేంటి, పిల్లలు లేచిపోతారు అంది. చెంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

జూలై 1
ఫిడేలు కోసం మా ఆవిడ తన బీరువాలో ఒక అర ఖాళీ చేసింది. ఇన్నేళ్ల కాపురంలో నాకు దక్కని అర.