సార్ట్ అనే మాటకు అర్థం

సిరిసిల్ల, శుక్రవారం రాత్రి.

'సార్ట్' అంటే కలిసి ఉన్నవాటిని తీరును బట్టి వేరు చేయడమని పోయిన వారమే రాజేశానికి చెప్పాను. ఇద్దరం అద్దకం ఇంట్లో రంగు నూలు కట్టలు, అదే చిలపలు, ఏరేవాళ్ళమే కనుక వెంటనే పట్టుకున్నాడు. "గింతేనా అన్నా! మనం రోజు చేసేదే గదా" అని నవ్వాడు.

ఈరోజు పోలీసులు మా వీధి మగవాళ్ళందరినీ బడి ముందు నిలబెట్టారు. అడవి నుంచి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టిందెవరని అడిగారు. ఇన్‌స్పెక్టర్ రాజేశాన్ని ముందుకు లాగి, "వీళ్ళను సార్ట్ చెయ్" అన్నాడు. రాజేశానికి అర్థం అడగవలసిన అవసరం రాలేదు. నన్ను భుజం పట్టి జీపు వైపు నెట్టాడు. పోయిన నెల ఆ అన్నం మేమిద్దరం ఒకే కుండలోంచి వడ్డించాం.

మా అద్దకం ఇంటి షావుకారు పూచీ పడితే చీకటి పడ్డాక వదిలారు. రేపు మళ్ళీ స్టేషనుకు రమ్మన్నారు. ఇంటి ముందు రాజేశం నిలబడి ఉన్నాడు.

"అన్నా, నిన్ను చూపియ్యకుంటే నన్నే జీపెక్కిద్దురు. నాకు చిన్నపిల్లలున్నరే."

నాకు లేరా?

"గదే నోటితోని ఇంకా అన్నా అంటున్నవా? సిగ్గు లేదూ?" అని మా ఇంటావిడ తలుపు వేసింది.

ప్రాణభయం నాకూ తెలుసు. ఒక్కటే మింగుడుపడటం లేదు. రంగు తేలని చిలపను మేము ఏ కుప్పలోనూ వేయం. గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండలో తిప్పి చూస్తాం. అది అతనికి నేర్పింది నేనే. నన్ను నెట్టేటప్పుడు అతను నా ముఖం వంక ఒక్కసారైనా చూడలేదు.