పాతరలోకి దించిన దీపం

నాయనా శంకరూ,

జొన్నలు దాచే మన వాకిటి పాతరను ఈరోజు తెరిచారు. సహకార సంఘం వాళ్లకు విత్తనాలు తీసివ్వాలని తొందరపడి దిగి, లోపలి చెడుగాలికి నువ్వు ప్రాణం విడిచిన నాటి నుంచి దాని మూత ఎవరినీ తాకనివ్వలేదు.

నువ్వు కూడగట్టిన కుర్రవాళ్లే ఇప్పుడు సంఘాన్ని నడుపుతున్నారు. ఈ ఏడు అందరి జొన్నలూ ఒక్కచోట దాచాలి, వాళ్లకు వేరే చోటు లేదు. నీ దోస్తు మాణిక్ వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నువ్వొద్దంటే ఇగ ఆ మాటే ఎత్తం."

"ఎవలు దిగుతరు?" అని అడిగాను.

"ముందుగాల దీపం దిగుతది. దీపం ఆరకుంటెనే నేను దిగుత. గిది మా సంఘం కట్టుబాటు."

ఆ కట్టుబాటు ఎప్పుడు పెట్టుకున్నారని నేను అడగలేదు. దేవుని ముందు వెలుగుతున్న దీపాన్నే తెచ్చి ఇచ్చాను. బుట్టలో పెట్టి తాడుతో దించారు. అది కొండెక్కలేదు. అప్పుడు మాణిక్ దిగి, లోపలంతా ఊడ్చి గడ్డి పరిచాడు. వాడు పైకి వచ్చేదాకా నేను పాతర అంచు వదిలి కదల్లేదు.

వాడు దుమ్ము దులుపుకుంటూ, "ఆకలైతుంది పెద్దమ్మా, రొట్టె చెయ్యవా?" అన్నాడు.

నీ పీట వేసి కూర్చోబెట్టాను.