రాత్రి షిఫ్టు వారం

అక్కా,

నువ్వు కాన్పుకని దవాఖానకు వెళ్లి తిరిగిరాక ఇవాళ్టికి ఏడాది. గోదావరిఖని క్వార్టర్లో నీ కూతురు రాజవ్వ, చంకలో పిల్ల దిగకముందే, మళ్లీ నెల తప్పింది.

పిల్లలు పుట్టకుండా గోలీలిస్తూ నర్సమ్మ నా ముందే చెప్పింది: "నెల నడుమల మొదలువెడ్తున్నవ్. మొదటి వారం గోలీలను నమ్మకు, పెనిమిటిని దూరముంచు."

ఆ వారం అల్లుడికి గనిలో రాత్రి షిఫ్టు. అప్పుడే మొదలుపెడితే సరిపోయేది. ఈ మహాతల్లి మాత్రం గోలీలు దాచిపెట్టి, అతను పగటి షిఫ్టుకు మారిన రోజు మొదటిది మింగింది.

"ఆయన రాత్రి ఇంట్ల లేనప్పుడు మింగితె దండుగే గద, చిన్నమ్మా" అంటోంది.

ఆడపిల్ల పుడితే నీ పేరు పెడుతుందట. నీ పేరు నాకెందుకక్కా. ఆ దవాఖాన నుంచి నీ కూతురు ఇంటికొస్తే చాలు.