వెంకటప్ప షెడ్డుకు ఒక గ్రీజు ట్యూబు

రొయ్యల గుంటల దగ్గర నుంచి,
ఆదివారం మధ్యాహ్నం

ఓబులేసన్నకు, వదినకు తమ్ముడు నాగరాజు నమస్కారాలు. నేను ఇక్కడ బాగున్నాను. మీరంతా కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. వదిన మోకాలి నొప్పి తగ్గిందా? పాప ఇంకా ఏడుస్తూనే బడికి పోతోందా? పార్శిల్‌లో ఉత్తరం చూసి, ఫోను ఉండగా వీడికి ఇదేం పిచ్చి అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు "ఊ, సరేలే, అంగట్లో జనం ఉండారు" అని పెట్టేస్తావు. ఐదు నెలలుగా అదే వరస. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు కదా. చివరిదాకా చదువు.

ముందు నా విసుగు చెప్పుకోనీ. ఈ ఊరి గాలితో నాకు చాలైపోయిందన్నా. నాయుడుపేటలో బస్సు దిగి తూర్పుకు వచ్చేకొద్దీ ఒళ్ళంతా జిగట. కొత్త స్క్రూడ్రైవర్ కొంటే పది రోజులకే ఎర్రబడింది. గది తాళం నూనె పోస్తే తప్ప తిరగదు. ఉతికిన చొక్కా ఆరదు, ఆరినా ఆరినట్టు ఉండదు. ఫోను ఛార్జింగ్ పెట్టే రంధ్రంలో కూడా చిలుము పట్టింది! మన కదిరి వైపు పదేళ్ళ నాటి మోటరు స్టార్టర్ మూత తీసినా లోపల దుమ్మే కదా ఉండేది. ఉఫ్‌మని ఊదితే రాగి తళతళలాడేది. ఇక్కడ రెండు నెలలకే ఏది తీగో ఏది బోల్టో తెలియదు. పొద్దున గీకుతాను, బిగిస్తాను, మళ్ళీ గీకుతాను. నేను ఎలక్ట్రీషియన్‌నా, అంట్లు తోమేవాడినా అని నాకే అనుమానం వస్తోంది.

తిండికి లోటు లేదు, వదినను దిగులు పడొద్దని చెప్పు. అన్నం, చేపల పులుసు రోజూ ఉంటాయి. రాగి సంగటి అడిగితే మాత్రం నవ్వుతారు. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త రాగి పిండి, వదిన చేసే వేరుశనగ పొడి పంపండి. మాట్లాడేవాళ్ళు లేక పొద్దుపోదు. గట్టు మీద గది, చుట్టూ నీళ్ళు, కొంగలు. నేను బాగానే ఉన్నాను, మళ్ళీ చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. ఈ గుంటల్లో నీళ్ళను చిలికే చక్రాలుంటాయి, ఏరేటర్లు అంటారు. మోటరుతో తిరుగుతాయి. అవి ఆగిపోతే నీళ్ళలో గాలి అందక రొయ్యలు చచ్చిపోతాయి. ఒక్కో చక్రానికీ గట్టు నుంచి కేబులు, నీళ్ళ అంచున తీగలను కలిపే ఒక కనెక్టరు. ఆ కనెక్టర్లే నా ప్రాణం తోడేస్తున్నాయి.

గుంటలు చూసుకునే ఆయన పేరు పోలయ్య. యాభై దాటిన మనిషి. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టే ఇంటివాడు, చాలా ఏళ్ళు పడవ ఇంజన్లు చూశాడు. నేను వచ్చిన మొదటి వారంలో మూడో గుంట కనెక్టరు ఊడదీస్తే లోపలంతా తెల్లటి జిడ్డు కనిపించింది.

"ఎవరు పూశారు ఇది?" అన్నాను.

"నేనే అబ్బయా. పడవల్లో ఇదే పూస్తాం. ఉప్పు లోపలికి పోకుండా ఉంటాది" అని జేబులోంచి ట్యూబు తీసి చూపించాడు. డైఎలెక్ట్రిక్ గ్రీజు అని ఇంగ్లీషులో రాసి ఉంది. అంటే కరెంటును పోనివ్వని గ్రీజు. చదవగానే నాకు ఒళ్ళు మండింది. కరెంటు పోవాల్సిన చోట కరెంటును పోనివ్వని గ్రీజా? జాయింటు పొడిగా ఉండాలి, జిడ్డు చెయ్యి తగలకూడదు అని కదా నువ్వు నాకు నేర్పింది!

మూడో గుంట కనెక్టర్లు నాలుగూ పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, నీట్‌గా టేపు చుట్టాను. నాలుగో గుంటకూ అదే చేయబోతే పోలయ్య అడ్డం నిలబడ్డాడు.

"దీన్ని వదిలెయ్ అబ్బయా. ఆ గుంట నువ్వు చూసుకో, ఈ గుంట నేను చూసుకుంటా. ఏందో చూద్దాం."

ముసలాడి మొండితనం అనుకుని వదిలేశాను.

తరవాత ముసురు పట్టింది. వారం రోజులు వదల్లేదు. ఒక తెల్లవారుజామున చూస్తే మూడో గుంటలో నాలుగు చక్రాల్లో మూడు ఆగిపోయి ఉన్నాయి. రొయ్యలన్నీ గట్టు వారకు వచ్చి గుంపు కట్టాయి. పోలయ్య డీజిల్ పంపు పెట్టి కొత్త నీళ్ళు తోడాడు. సగం బతికాయి, సగం తేలిపోయాయి. ఓనరు వచ్చి గట్టు మీద నిలబడి, "ఏందిది? ఎవరు చేసినారు?" అని అరిచాడు.

అప్పటికి నేను ఒక్క కనెక్టరు కూడా విప్పి చూడలేదన్నా. చూడకుండానే, "ఈయనే సార్, తడి చేతులతో అన్నీ ముట్టుకుంటాడు. చేతికి శుభ్రం లేదు" అన్నాను. చచ్చిన రొయ్యల్ని వలతో తీస్తున్న వాళ్ళంతా తలెత్తి చూశారు. ఓనరు పోలయ్యను ఇంటికి పొమ్మన్నాడు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని గట్టు దిగి వెళ్ళిపోయాడు.

అప్పుడు విప్పాను. నా టేపు లోపల తడి చేరి ఉంది. రాగి అంతా పచ్చగా చిలుము పట్టి, ఒకటైతే కాలి బొగ్గయింది. టేపు నీళ్ళను ఆపలేదు సరికదా, వచ్చిన నీళ్ళను బయటికి పోనివ్వలేదు. నాలుగో గుంటకు పోయి ఆయన కనెక్టరు విప్పాను. అదే వాన, అదే ఉప్పు. లోపల రాగి కొత్తదానిలా ఉంది.  ఆ పూట అన్నం సహించలేదు.

అన్నం సహించనిది రొయ్యల కోసం కాదు. నేనన్న మాట కోసం. ఆ మాట నాకెక్కడిదో నీకు తెలుసు. వెంకటప్ప తోటలో ఎరువుల షెడ్డు స్టార్టరు మూడోసారి కాలినప్పుడు, మన రిపేరు అంగట్లో బెంచీ నిండా జనం ఉండగా, "నీ చేతికి శుభ్రం లేదురా, అందుకే నువ్వు పెట్టిన జాయింటల్లా కాలిపోతాంది" అన్నావు. ఆ సాయంత్రమే సంచి సర్దుకున్నాను. నేను జీతం ఎక్కువని ఇక్కడికి వచ్చానని నువ్వు అందరికీ చెబుతున్నావట. కాదన్నా. ఆ మాటకు వచ్చాను. వచ్చి, నాకన్నా పెద్దవాడి మొహం మీద అదే మాట అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఓనరు దగ్గరికి పోయి తప్పు నాది అని చెప్పాను. ఆయన తిట్టిన తిట్లు రాయలేను. ఈ ఉప్పులో పని చెయ్యడానికి ఇంకొకడు దొరకడు కాబట్టి ఉంచాడు. పోలయ్యన్నను మళ్ళీ పిలిపించాడు. ఎవరి ముందు అన్నానో వాళ్ళందరి ముందే, అదే గట్టు మీద, "తప్పయిపోయిందన్నా" అని ఆయన చేతులు పట్టుకున్నాను.

ఆయన నా చేతులు తిప్పి చూసి, "నీ చెయ్యి శుభ్రంగానే ఉండాది అబ్బయా. ఇక్కడ గాలే శుభ్రంగా లేదు" అన్నాడు.

ఆ మాట నువ్వు అనాల్సిందన్నా. కోపంతోనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఇంకా కోపంగానే ఉంది. వెంకటప్ప షెడ్డులో మనం స్టార్టరు పెట్టింది ఎక్కడ? యూరియా బస్తాల పక్కన, గోడకు. ఎరువు కూడా ఉప్పులాంటిదే. చెమ్మ లాక్కుంటుంది, రాగిని తింటుంది. ఎంత గీకినా, ఎంత పొడిగా బిగించినా మూడు నెలలకు మళ్ళీ అదే. అది నా చెయ్యీ కాదు, నీ చెయ్యీ కాదు.

అందుకే ఈ పార్శిల్‌లో ఒక ట్యూబు పెట్టాను. కరెంటును పోనివ్వని గ్రీజు అని చూసి నాలాగే విసిరికొట్టకు. ముందు మెయిన్ ఆఫ్ చెయ్యి. తీగ కొసలూ, వాటికి తొడిగే లగ్గులూ రాగి కనబడేదాకా ఎమరీ కాగితంతో గీకు. చిలుము మీదే పూస్తే చిలుమును దాచిపెట్టినట్టే. పలచగా రాసి గట్టిగా బిగించు. బిగిస్తే మెటలు మెటలును ఆనుకుంటుంది, మధ్యలో గ్రీజు పక్కకు జరిగిపోయి చుట్టూ నిలబడి చెమ్మను రానివ్వదు. కరెంటు దారిన కరెంటు పోతుంది. పైన కూడా కాస్త పూసెయ్. స్టార్టరులో కలిసి విడిపోయే కాంటాక్టరు పాయింట్లకు మాత్రం రాయొద్దు, నిప్పురవ్వ లేచే చోట అది పనికిరాదు. బేరింగుల గ్రీజు వాడొద్దు, తీగ మీది రబ్బరు ఉబ్బిపోతుంది. ఇదంతా పోలయ్యన్న చెప్పింది. ఆయన నీకు నమస్కారం చెప్పమన్నాడు. నిన్ను చూడాలని ఉందట. ఎందుకో నాకు తెలియదు.

వెంకటప్ప స్టార్టరుకు నువ్వే నీ చేత్తో పుయ్యి. వానాకాలం పోయాక విప్పి చూడు. బెంచీ మీద జనం ముందు ఏమీ చెప్పమని అడగను. రాగి మెరుస్తూ ఉంటే నాకు ఫోన్ చెయ్యి. "ఊ" అని పెట్టేసినా ఫరవాలేదు. అర్థం చేసుకుంటాను, ఊరికి వచ్చి నాలుగు రోజులుండి పోతాను.

వదినకు నా నమస్కారాలు. పాపకు ముద్దులు. పెద్దమ్మకు దండాలు, మందులు మానొద్దని చెప్పు. వెంకటప్ప కనిపిస్తే అడిగానని చెప్పు. నీ దీవెన నా మీద ఉండాలి, కోపం ఉన్నా సరే.

చేతులు కడుక్కుని ఈ ఉత్తరం రాసిన
నీ తమ్ముడు
నాగరాజు