ఖాళీ అర

డాడ్జ్ సిటీ, 9 జూన్ 1883

అమ్మకు,

ఇద్దరం కులాసా. రివాల్వర్లు కొందామని వెళితే దుకాణదారు కోల్ట్ రకం ఒకటి, రెమింగ్టన్ రకం ఒకటి పక్కపక్కన పెట్టాడు. నాన్న దగ్గరుండేది రెమింగ్టనే కదా అని నేను అదే తీసుకున్నాను. తమ్ముడు లెమ్యుయెల్ కోల్ట్ కొన్నాడు. అప్పట్నుంచి మాతోటి పశువుల కాపర్లంతా వాడిదే చేతిలోకి తీసుకుని మురిసిపోతున్నారు.

"ఏవయ్యా ఆన్సెల్, తమ్ముడి తుపాకీ చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నావా?" అన్నాడు మా వంటాయన జెబులన్.

"నాకేం కుళ్ళు? నాదే గట్టిది!" అన్నాను. కుళ్ళేనమ్మా.

నిన్న వాడు ఏటికి స్నానానికి వెళ్ళినప్పుడు ఆ కోల్ట్ విప్పి చూశాను. గుర్రం కుదుపుకి పేలకుండా ఇక్కడ అందరం ఆరు తూటా అరల్లో అయిదే నింపుతాం. వాడి ఖాళీ అరలో చుట్టిపెట్టిన కాగితం ముక్క ఉంది. "జాగ్రత్త నాన్నా" అని నీ చేతిరాత.

చెల్లి తిర్జాకి దగ్గు తగ్గిందా? ఎర్రావు ఈనిందా? ఉన్ని మేజోళ్ళు రెండు జతలు పంపు. నా రెమింగ్టన్‌లోనూ ఒక అర ఖాళీగానే ఉందమ్మా.

నీ పెద్దకొడుకు
ఆన్సెల్