పావని ఎడమ చెయ్యి

అనకాపల్లి,
ఆదివారం.

అక్కా,

నీ చెల్లెలు సుజాత ఇక్కడ క్షేమంగా ఉంది. నువ్వు, బావ, పిల్లలు, అమ్మానాన్నా బాగున్నారనే తలుస్తాను. నాన్న మోకాలి వ్యాయామాలు చేస్తున్నాడా, ఊళ్లోవాళ్లకు చెప్పడంతోనే సరిపెడుతున్నాడా? ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు తిన్నావా అంటావు, నేను తిన్నానంటాను, మాట అక్కడితో అయిపోతుంది.

నేను బాగానే ఉన్నాను, దిగులు పడొద్దు. నంద్యాల ఎండ కాలుస్తుంది, ఇక్కడిది ఉడకబెడుతుంది, చెమట ఆరనే ఆరదు. ఇంటామె మంచిదే, పులుసు పంపుతుంది గానీ అందులో బెల్లం వేస్తుంది. జొన్నరొట్టె తిని మూడు నెలలైంది. ఆదివారం వస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా నోరు తెరిచే పని ఉండదు. ఒంటరిగా ఉందక్కా, దాచడమెందుకు. అయినా బాగానే ఉన్నాను.

ఆసుపత్రిలో నా దగ్గరికి చేతులో కాళ్లో వంకరగా ఉన్న పిల్లలు, నడుము ఒకపక్కకు ఒరిగిన పిల్లలు వస్తారు. ఒంటికాలి మీద నిలబెడతాను, బంతి విసిరిస్తాను, చెక్క దిమ్మలు ఒకదాని మీద ఒకటి పేర్పిస్తాను. ఒళ్లు ఎంతవరకు వాళ్ల మాట వింటోందో చూసి కాగితం మీద రాస్తాను. నెలకోసారి వచ్చే పెద్ద డాక్టరు ఆ కాగితం చూసే ఏ వైద్యం చెయ్యాలో చెబుతాడు.

మొన్న ఎస్. రాయవరం వైపు పల్లె నుంచి పావని అనే ఆరేళ్ల పిల్ల వచ్చింది. కుడి మోచెయ్యి పుట్టినప్పటి నుంచీ చాచుకోదు, భుజం కిందికి వాలి ఉంటుంది. ఆ చేత్తో దిమ్మ పట్టుకుంటే జారిపోయింది. ఎడమ చేత్తో చెయ్యమంటే ఆ చెయ్యి వీపు వెనక్కి పెట్టేసుకుంది. మూడుసార్లు అడిగాను, తియ్యలేదు. రెండు చేతులూ బలహీనమని రాశాను, తల్లికి అదే చెప్పాను. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని పాపను తీసుకుని వెళ్లిపోయింది.

కిటికీలోంచి చూశాను. పావని గేటు దగ్గర కూర్చుని, నీళ్ల సీసా మోకాళ్ల మధ్య ఇరికించి, ఎడమ చేత్తో మూత సునాయాసంగా తిప్పి తాగుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. మొదటి దిమ్మ నేను అందించినప్పుడు ఆ పిల్ల ఎడమ చెయ్యే చాపింది. నేనే అలవాటు కొద్దీ కుడిచేత్తో తీసుకోమ్మా అన్నాను! ఐదేళ్లు ఈ చదువు చదివి, చేతులు పరీక్షించే చోట కూర్చుని, అమ్మ నేర్పిన మర్యాదే నోటికొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆటో ఎక్కేలోపు చెప్పుల్లేకుండా పరుగెత్తి వాళ్లను వెనక్కి తెచ్చాను.

ఇప్పుడు పావని నన్ను నమ్మదే. ఏం చెయ్యను, నా కుడిచెయ్యి చున్నీలో దాచుకుని ఎడమ చేత్తో దిమ్మ అందించాను. చాలాసేపు నా వంక చూసింది.

"మేడం, మీ సెయ్యి కూడా బాగోదేటి?" అంది.

బాగోదన్నాను. నవ్వి ఎడమ చెయ్యి చాపింది. ఎనిమిది దిమ్మలు పేర్చిందక్కా, ఒక్కటీ పడలేదు.

పాత కాగితం కొట్టేసి, తప్పు నాదని తల్లితో చెప్పాను. ఆ చెయ్యి బంగారంలా ఉంది, రేపటి నుంచి దాంతోనే తిననివ్వండి అన్నాను. ఆమె సంతోషిస్తుందనుకున్నాను. కింద కూర్చుండిపోయింది.

"ఆ సేతి మీదే కొట్టేదాన్ని మేడం. ఆరేళ్లొచ్చినా నేనే తినిపిత్తన్నాను" అంది.

నేనూ పక్కన కూర్చున్నాను. గదిలో చెప్పుకోడానికి ఎవరూ లేక నీకు రాస్తున్నాను.

నల్లకారం కొంచెం పంపు. నాన్నకు, అమ్మకు, బావకు నా నమస్కారాలు. మీ ఆశీస్సులుంటే నాకేం కాదు. నీ చిన్నోడు ఎడమ చేత్తో ముద్ద కలుపుతున్నాడని మొన్న ఒకటి వేశానన్నావే, ఇక వెయ్యకు.

నీ చెల్లెలు,
సుజాత